రోజుకొకటి

ఫిబ్రవరి 19, గురువారం, మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలకు హాంబర్గ్‌లో ఒక ఎస్-బాన్ లోకల్ రైలు స్టేషన్ మెట్ల మీద దశరథ్ పడిపోయాడు. వయసు నలభై ఒకటి. శనివారం ఉదయం తొమ్మిది గంటలకు అతని చెల్లెలు సంయుక్త, అక్కడి తెలుగువాళ్లకి ఆరోగ్య గ్రూపు నడిపే రవీంద్రనాథ్ ఇంటి వంటగదిలో ఉంది. రవీంద్రనాథ్ భార్య రత్నకుమారి పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

“పడిపోయాడు, పడిపోయాడు అంటున్నావు గానీ సంయుక్తా, ఫిబ్రవరిలో ఈ ఊళ్లో మెట్లన్నీ తడిగానే ఉంటాయి. నేనే రెండుసార్లు జారాను.”

“జారలే సార్. నిలబడలేకపోయిండు. కాళ్లల్ల సత్తువ లేదు. అంబులెన్స్‌ల ఎక్కించేటప్పుడు ఇది ఏ సంవత్సరం అని అడిగితే రెండువేల పద్దెనిమిది అన్నడట.”

“బీపీ పడిపోయి ఉంటుంది. రత్నా, ఈ అమ్మాయికి జీలకర్ర నీళ్లివ్వు. మా ఇంట్లో టీ ఉండదమ్మా, ఏమనుకోకు.”

“నాకేం వద్దు. నేను ఒక్క మాట కోసం వచ్చిన.”

“ఒక్క మాటకి ఇంతదూరం రావాలా? ఫోన్ చేస్తే సరిపోయేది.”

“నిన్న ఆరుసార్లు చేసిన. మీరు ఎత్తలే.”

“శుక్రవారం నేను ఫోన్ ముట్టను. పొట్టకి ఉపవాసం, కళ్లకీ ఉపవాసం. గ్రూపులో అందరికీ తెలుసది.”

“నేను మీ గ్రూపుల లేను సార్.”

“ఉంటే బాగుపడేదానివి. కళ్ల కింద ఆ నలుపేంటి? ఏం తింటావు నువ్వు? పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం బ్రెడ్డు, సాయంత్రం ఫ్రీజర్‌లోంచి పిజ్జా. కార్ల్స్‌రూహెలో ఉండే మీ కుర్రజట్టంతా ఇంతే. పాతికేళ్లకే నలభై ఏళ్ల మొహాలు.”

“గురువారం సాయంత్రం రైలెక్కి వచ్చిన. అప్పటి నుంచి హాస్పిటల్ కుర్చీల ఉన్న. గా నలుపు గందుకు.”

“సరే, సరే. దశరథ్ ఎలా ఉన్నాడిప్పుడు?”

“ఒంట్ల కాల్షియం పెరిగింది. రెండు పాయింట్ ఆరు లోపల ఉండాలట. మూడు పాయింట్ ఎనిమిది ఉన్నది. కిడ్నీలు మూడో వంతు పనిచేస్తున్నయి. సెలైన్ ఎక్కిస్తనే ఉన్నరు. సోమవారం దాకా చూసి, మూత్రం పెరగకపోతే డయాలిసిస్ అన్నరు.”

“మూడు పాయింట్ ఎనిమిదా?”

“అవునక్కా.”

“మిల్లీమోల్‌లోనా?”

“అవును. మీకెట్ల తెలుసు?”

“రత్నా, పొయ్యి మీద జావ చూసుకో. అడుగంటుతుంది. ఆవిడ రెండేళ్లు జర్మన్ క్లాసుకెళ్లిందిలే, ప్రతి కాగితమూ చదువుతానంటుంది. నువ్వు చెప్పు.”

“గురువారం డాక్టర్ వదినను అడిగింది, ఈయన మందులేమన్న వాడుతడా అని. వదిన లేదన్నది. రెండోసారి అడిగింది. లేదన్నది. శుక్రవారం పొద్దుగాల మళ్లొకసారి అడిగింది. అప్పుడు కూడ లేదన్నది.”

“ఆండాళ్ చెప్పింది నిజమే. మా గ్రూపులో ఎవరూ మందులు వాడరు. మందు లేకుండా బతకడం నేర్పడానికే గ్రూపు పెట్టింది.”

“గదే. విటమిన్ మందు కాదు, ఆహారం అని మీరు చెప్పిన్రట. గందుకే వదిన చెప్పలే. మందు తింటలేడని తెలిసేసరికి డాక్టర్లు కాన్సర్ కోసం వెతికిన్రు సార్. కాల్షియం గట్ల పెరిగిందంటే ముందు గదే అనుమానం అంట. తల నుంచి కాళ్ల దాకా స్కాన్ తీసిన్రు. కాన్సర్ ఉండొచ్చు, సిద్ధంగ ఉండున్రి అని వదినకు చెప్పిన్రు. ఒక దినం మొత్తం ఆమె గదే మాట పట్టుకొని ఏడ్చింది.”

“చూశావా? అదీ వీళ్ల వైద్యం. జ్వరమని వెళ్తే టీ తాగమంటారు. దగ్గని వెళ్తే టీ తాగమంటారు. నడుం నొప్పంటే వాకింగ్‌కి వెళ్లమంటారు. ఒక టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరకడానికి మూడు నెలలు. తీరా పెద్దది వస్తే కాన్సర్ అంటారు. వీళ్లకి టీకీ కాన్సర్‌కీ మధ్య ఇంకేమీ తెలీదు. అందుకేగా మనం మన పద్ధతిలో—”

“నిన్న మధ్యాహ్నం వాళ్ల ఇంటికి పోయిన. బట్టలు తెద్దామని. మా అన్న ఆఫీస్ బ్యాగుల, పాత టిఫిన్ డబ్బాల పట్టీలు దొరికినయి. విటమిన్ డి. అరవై వేల యూనిట్లు. మన దేశం నుంచి తెచ్చినయి. ఒక పట్టీల నాలుగు. ఖాళీ పట్టీలు ఇరవై ఏడు. ఇరవై ఎనిమిదో దాంట్ల ఒకటే మిగిలింది. ఇంకా విప్పని పట్టీలు వేరే. లెక్క వేసిన. నవంబర్ ఒకటి నుంచి ఆయన పడ్డ రోజు దాకా, ఒక్క రోజు తప్పకుంట వేసుకున్నడు. నూట పదకొండు.”

“క్రమశిక్షణ ఉన్నవాడు.”

“వారానికి ఒకటి వేసుకోవాలె సార్ గది.”

“ఎవరు చెప్పారు?”

“అందరు. ఏ డాక్టర్నన్న అడగున్రి, వారానికి ఒకటి, ఎనిమిది వారాలు, తర్వాత ఆపాలె. కరీంనగర్‌ల మా అమ్మకు గట్లనే రాసిచ్చిండు. పట్టీల నాలుగే ఎందుకుంటయి? నెలకు నాలుగు వారాలు కాబట్టి. చదువు రానోళ్లకు కూడ పట్టీ చూస్తే అర్థం కావాలె.”

“అది ఇండియాలో.”

“ఏంది?”

“ఇండియాలో వారానికొకటి. ఎందుకని ఆలోచించావా? అక్కడ ఎండ ఉంది కాబట్టి. మిగతా ఆరు రోజులూ సూర్యుడు ఇస్తాడు. ఇక్కడ నవంబర్ నుంచి మార్చి దాకా సూర్యుడు ఏడీ? నువ్వే చూడు కిటికీలోంచి. తొమ్మిదైనా లైటు వేసుకుని కూర్చున్నాం. ఆ ఆరు రోజులదీ ఎవరిస్తారు? కాబట్టి ఇక్కడ రోజుకొకటి. చిన్న లాజిక్. ఐదో క్లాసు పిల్లాడికి చెప్పినా తెలుస్తుంది.”

“ఈ లాజిక్ ఎవరిది?”

“నాదే. ఇరవై ఆరేళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానమ్మా. ఇన్‌పుట్ తగ్గితే ఏం చేయాలో నాకొకరు చెప్పనక్కర్లేదు.”

“డాక్టర్‌ని అడగలే.”

“ఏ డాక్టర్ని? ఇక్కడి మందుల షాపు, అపొతెకెలో అమ్మే బిళ్ల చూశావా? వెయ్యి యూనిట్లు. వెయ్యి. చీమకి వేసే మోతాదు. దాని మీదేమో రోజుకొకటి అని రాసి ఉంటుంది. రోజూ వేసుకోమని వాళ్లే రాశారుగా. మోతాదు మనది, రోజు వాళ్లది. రెండు దేశాల్లో ఉన్న మంచి తీసుకున్నాం.”

“రెండు దేశాలల్ల ఎవరు చేయని పని చేసిన్రు మీరు.”

“కాస్త మర్యాదగా మాట్లాడమ్మా. మీ అన్న నన్ను సార్ అంటాడు.”

“నేను కూడ సార్ అనే అంటున్న.”

“కాఫీ ఇవ్వనా సంయుక్తా? నా దగ్గర కొంచెం పొడి ఉంది.”

“రత్నా.”

“వచ్చినవాళ్లకోసం ఉంచానండీ.”

“వచ్చినవాళ్లు నీళ్లు తాగుతారు. చూడమ్మా, నేను ఇక్కడికి వచ్చినప్పుడు తొంభై నాలుగు కిలోలు. ఇప్పుడు అరవై తొమ్మిది. ఏం చేశాను? పొద్దున నాలుగూ నలభై ఐదుకి లేస్తాను. లీటరున్నర గోరువెచ్చని నీళ్లు. నువ్వుల ఉండలు రెండు. రాగి జావ. ఆల్‌స్టర్ సరస్సు చుట్టూ ఒక చుట్టు, వానైనా సరే, గాలైనా సరే. సాయంత్రం ఆరు లోపల భోజనం ఆఖరు. అన్నం అనే తెల్ల విషం ఈ ఇంట్లోకి వచ్చి నాలుగేళ్లైంది. దీన్ని పంతొమ్మిది మందికి నేర్పాను. ఒక్క సెంటు తీసుకోలేదు. ఆ క్యాప్సూల్స్ కూడా నేనే విజయవాడ నుంచి సూట్‌కేసులో మోసుకొచ్చాను. నా బట్టలు తీసేసి మరీ. ఇదంతా ఎవరికోసం?”

“అందరు మిమ్మల్ని సార్ అనాలని.”

“ఏమన్నావు?”

“ఏమనలే. నువ్వుల ఉండలు, రాగి జావ, పూటకు ఒక గ్లాసు పాలు. అన్నిట్ల కాల్షియమే. దాని మీద కాల్షియం బిళ్ల ఇంకొకటి. వదిన మీ టైమ్‌టేబుల్ ఫ్రిజ్ మీద అంటించింది. ఫోటో తీసి డాక్టర్‌కు చూపిన. ఒక్కొక్కటి జర్మన్‌ల చెప్పుకుంట వచ్చిన. ఆమె రాసుకున్నది. చివరికి పెన్ను పక్కన పెట్టి, ఇది రాసింది ఏ డాక్టర్ అని అడిగింది. డాక్టర్ కాదని చెప్పిన. మరి ఎవరు అన్నది. మా అన్నకు తెలిసినాయన అని మాత్రం చెప్పిన.”

“హెల్త్ కోచ్ అని చెప్పాల్సింది.”

“సిగ్గనిపించింది సార్.”

“నీకు సిగ్గనిపిస్తే నేనేం చేయను. నేను చెప్పేది విను. దశరథ్ విషయంలో నాకు మొదటి నుంచీ అనుమానమే. రోజూ నాకు ప్లేటు ఫోటో పంపుతాడు, రాగి సంకటి, ఆకుకూర. ఆఫీసు పక్కన టర్కీ వాడి కొట్టుందిగా, అక్కడ నిలబడి డోనర్ కబాబ్ తింటాడని నాకు ఇద్దరు చెప్పారు. బయట ఉప్పు, బయట నూనె. కిడ్నీ పాడవక ఏమవుతుంది? నోరు కట్టుకోలేనివాళ్లని నేనేం బాగుచేయను?”

“జనవరిల ‘ఈ నెల ఉత్తమ సాధకుడు’ అని ఎవరి ఫోటో పెట్టిన్రు మీరు?”

“అది—”

“మా అన్నదే. నూటికి నూరు మార్కులు ఇచ్చిన్రు. వదిన ఫోన్‌ల చూసిన. రెండు నెలల్ల పదకొండు కిలోలు తగ్గిండని మెచ్చుకున్నరు. వాంతులైతే ఎవరు తగ్గరు సార్? ఫిబ్రవరి రెండున మీకు మెసేజ్ పెట్టిండు. సార్, నోరు ఎండిపోతున్నది, గంటకొకసారి మూత్రం వస్తున్నది, మలబద్ధకం, పొద్దున లేవంగనే వాంతి అని. మీరు ఏం జవాబిచ్చిన్రో గుర్తున్నదా?”

“రోజుకి యాభై మెసేజులొస్తాయి నాకు.”

“విషాలు బయటికి పోతున్నయి, ఆపొద్దు అని. పక్కన చేతులు జోడించిన బొమ్మ.”

“విషాలు పోయేటప్పుడు అలాగే ఉంటుంది. మొదట్లో నాకూ ఉండింది.”

“తర్వాత?”

“తర్వాత తగ్గింది. అందరికీ తగ్గుతుంది. ఓపిక ఉండాలి. ఇప్పుడు నీకేం కావాలి? హాస్పిటల్‌కి పట్టీ ఇచ్చావు. మోతాదు చెప్పావు. వాళ్లు చూసుకుంటారు. నా మీద కేసు పెడతావా?”

“కేసు నాకెందుకు? మా అన్న కోసం రాలే నేను. ఆయనకు చేసేది హాస్పిటల్ల చేస్తున్నరు. మిగిలిన పద్దెనిమిది మంది కోసం వచ్చిన. గ్రూపుల ఒక్క ముక్క రాయండి. ‘క్యాప్సూల్ ఆపండి, రక్తపరీక్ష చేయించుకోండి.’ గంతే. నేను మళ్ల మీ గుమ్మం ఎక్క.”

“నువ్వే చెప్పొచ్చుగా వాళ్లకి.”

“గ్రూపుల అడ్మిన్ తప్ప ఇంకెవరు రాయకుంట పెట్టిన్రు మీరు. వదిన ఫోన్ల నంబర్లు చూసి పదకొండు మందికి ఫోన్ చేసిన. ఏడుగురు ఎత్తిన్రు. మా అన్న ఐసీయూల ఉన్నడని చెప్పిన, కాల్షియం ఎంతో చెప్పిన, డాక్టర్ పేరు చెప్పిన. ఏడుగురు ఒక్కటే మాట. సార్ చెప్తే ఆపుతం.”

“చూశావా మరి.”

“ఏం చూడాలె?”

“నమ్మకం. అది ఊరికే రాదు.”

“అభినవ్ అని ఒకాయన, మీ కంపెనీయే అంట. నన్నే తిట్టిండు. మీ అన్న దొంగచాటుగ తిన్నది సార్ మీద రుద్దుతున్నవా అన్నడు. ఆయనకు కూడ నోరు ఎండుతున్నదా అని అడిగిన. నీళ్ల సీసా ఎప్పుడు చేతులనే ఉంటది, అది మంచి అలవాటే కదా అన్నడు.”

“మంచి అలవాటే.”

“జితేంద్ర అని ఇంకొకాయన. వాళ్ల పాప ఈషాకు ఐదేండ్లు. ఆ పిల్లకు కూడ ఇస్తున్నరు.”

“రోజూ కాదు. పిల్లలకి రోజు మార్చి రోజు అని చెప్పాను. నాకా మాత్రం తెలీదా?”

“పిల్లకు కూడానాండీ?”

“నువ్వు ఊరుకో రత్నా. పిల్లల ఎముకలకే ఎక్కువ కావాలి.”

“మీరు నాతో చెప్పలేదు.”

“ప్రతిదీ నీతో చెప్పాలా?”

“ఆ పిల్ల పదిహేను రోజుల నుంచి అన్నం ముట్టట్లేదంట అక్కా. రాత్రి పక్క తడుపుతున్నది. ముందు ఆ అలవాటు లేదంట. కీటాల, గదే చిన్నపిల్లల బడిల, టీచర్ పిలిచి చెప్పిందంట, మీ పాప ఆటకు రాదు, నల్లా దగ్గర నిలబడి నీళ్లు తాగుతనే ఉంటది అని. వాళ్లమ్మ అది సార్‌కు గర్వంగ మెసేజ్ పెట్టిందంట. సార్ శభాష్ అన్నరంట.”

“కీటాలో అన్ని రోగాలూ ఉంటాయి. ఈ చలికాలం అంతా ఒకళ్ల నుంచి ఒకళ్లకి వాంతులే. ఆ పిల్లకి వచ్చింది అదే.”

“అయి ఉండొచ్చు. రక్తపరీక్ష చేయిస్తే తెలుస్తది. గంటల తెలుస్తది. జితేంద్రకు గదే చెప్పిన. ఆయన ఏమన్నడో తెలుసా? ‘సార్ కూడ రోజు వేసుకుంటున్నడు కదా, ఆయనకేం కాలే కదా’ అన్నడు.”

“కరెక్టే అన్నాడు. నాకేమైంది? చూడు నన్ను. యాభై నాలుగేళ్లు. నాలుగు నెలలుగా వేసుకుంటున్నాను. రత్న వేసుకుంటోంది. మాకేమైనా అయిందా? మీ అన్న ఒక్కడికి అయితే తప్పు మీ అన్న ఒంట్లో ఉంది. పంతొమ్మిది మందిలో ఒక్కడు. స్టాటిస్టిక్స్ అంటారు దాన్ని.”

“ఒక్కడు పడ్డడు. మిగిలినోళ్లు ఇంకా నిలబడి ఉన్నరు. తేడా గంతే.”

“చాలా తెలివిగా మాట్లాడుతున్నాననుకుంటున్నావు.”

“డాక్టర్ చెప్పింది నేను చెప్తున్న. ఇది ఒంట్ల కొవ్వుల నిలవ ఉంటదంట. ఇయ్యాల ఆపినా నెలల తరబడి కాల్షియం పెరుగుతనే ఉంటది. గందుకే ఇయ్యాల ఆపాలె. సోమవారం కాదు. జనవరి ఇరవై ఐదున మీరు పార్టీ హాల్ల రెండో విడత పంచిన్రు. ఒక్కొక్కరి ఇంట్ల ఇంకో యాభై, అరవై ఉంటయి.”

“సరే. ఆలోచిస్తాను.”

“ఏమని?”

“ఆలోచించి ఏదో ఒకటి రాస్తాను. మోతాదు కాస్త తగ్గించమని. ఎండాకాలం వస్తోంది కాబట్టి, ఏప్రిల్ నుంచి, వారానికి—”

“ఏప్రిలా?”

“అకస్మాత్తుగా ఆపండి అంటే ఏమనుకుంటారు? ఇన్నాళ్లూ తప్పు చెప్పాడనుకుంటారు. ఒక్క దాంట్లో అనుమానం వస్తే మొత్తం వదిలేస్తారమ్మా. నడక వదిలేస్తారు, జావ వదిలేస్తారు. మళ్లీ బిర్యానీలు, మళ్లీ బీర్లు. వాళ్లని ఈ మాత్రం దారిలో పెట్టడానికి నాకు మూడేళ్లు పట్టింది. వీళ్లెలాంటివాళ్లో నీకు తెలీదు. శని, ఆదివారాలు ఒక్క పూట వదిలితే చాలు, పశువులు.”

“మీరు సార్ అనిపించుకునేది పశువులతోనా?”

“నువ్వింక వెళ్లమ్మా. అన్న దగ్గర ఉండు. ఆండాళ్‌కి ధైర్యం చెప్పు. నేను సాయంత్రం హాస్పిటల్‌కి వస్తాను.”

“మీరు రావద్దు. వదిన మిమ్మల్ని చూస్తే లేచి నిలబడతది. గంత జరిగినంక కూడ నిలబడతది. అది నేను చూడలేను.”

“అయితే రాను.”

“ఒక్క లైన్ సార్. మీ పేరు పాడైతదని భయమైతే నా పేరు పెట్టున్రి. సంయుక్త చెప్పింది, ఎందుకైనా మంచిది, ఆపండి అని రాయండి. తప్పు నాదే అనుకోని రాయండి.”

“ఎవరి పేరుతోనూ రాయను.”

“ఏవండీ, ఫోన్. జితేంద్ర.”

“ఇలా ఇవ్వు. మంచిదే అయింది. ఈ అమ్మాయి ముందే మాట్లాడతాను. హలో, జితేంద్రా, చెప్పవయ్యా... ఆ, ఇక్కడే ఉంది ఆ అమ్మాయి, మా ఇంట్లోనే... పాపం, అన్నయ్య అలా ఉంటే మనసు మనసులో ఉంటుందా, ఎవరినో ఒకరిని అనాలి కదా... లేదు లేదు, నీకెందుకు భయం... పాప ఎలా ఉంది?... ఎన్నిసార్లు?... పొద్దుటి నుంచేనా?”

“ఏమైంది సార్? వాంతులా? స్పీకర్‌ల పెట్టున్రి.”

“ఆగమ్మా... నీకు కాదు జితేంద్రా. చూడు, అది కీటా వైరస్. ఈ వారం ఊరంతా అదే... హాస్పిటల్ ఎందుకయ్యా, ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఐదు గంటలు కుర్చీలో కూర్చోబెట్టి టీ తాగమంటారు... వాము నీళ్లు పట్టు. రెండు నువ్వుల ఉండలు నోట్లో పెట్టు, బలం వస్తుంది...”

“ఏవండీ.”

“ఉండు రత్నా... క్యాప్సూలా? దానికీ దీనికీ సంబంధం లేదు... మానొద్దు. మధ్యలో మానితేనే ఒళ్లు తిరగబడుతుంది... నేనా? నేనెందుకు మానతాను? ఈ పొద్దున కూడా వేసుకున్నాను. మీ రత్నక్క కూడా వేసుకుంది. ఇద్దరం నీ ముందు రాళ్లలా ఉన్నాం... అదీ. ధైర్యంగా ఉండు. వాము నీళ్లు... ఆ, ఉంటాను.”

“సార్, ఆ పిల్లకు ఐదేండ్లు.”

“నాకు తెలుసు ఎన్నేళ్లో. పుట్టినరోజుకి కేక్ బదులు ఖర్జూరాల లడ్డు చేయించింది నేనే.”

“వాళ్ల ఇల్లు ఎక్కడ? అడ్రస్ చెప్పండి. నేనే పోయి తీసుకపోత.”

“కన్నవాళ్లకి లేని కంగారు నీకెందుకు? అయినా ఒకరి అడ్రస్ ఇంకొకరికి ఇవ్వకూడదు. ఈ దేశంలో దానికి చట్టం ఉంది.”

“అక్కా, మీరన్న చెప్పండి. మీకు తెలుసు కదా వాళ్లిల్లు.”

“ఆవిడకేం తెలీదు. రత్నా, ఆ ఫోన్ పక్కన పెట్టు. ఎప్పుడు చూసినా ఫోను. ఏం చేస్తున్నావందులో?”

“టైప్ చేస్తున్నానండీ.”

“ఏంటి టైప్ చేసేది? నేనేమీ చెప్పలేదుగా ఇంకా.”

“రోజూ పొద్దున మీరు చెప్తే గ్రూపులో రాసేది నేనే కదా. మీకు తెలుగు టైపింగ్ రాదని నన్ను అడ్మిన్ చేశారు. ఇవాళ మీరు చెప్పకుండానే రాశాను.”

“ఏం రాశావు? ఆపమని రాశావా? తుడిచెయ్యి. ఇప్పుడే తుడిచెయ్యి. అయినా నువ్వు రాస్తే ఎవరాపుతారు?”

“నా మాటకి ఆపరని తెలుసు, అందుకే ఊరికే రాయలేదు. ఒక కాగితం ఫోటో పెట్టాను.”

“ఏం కాగితం?”

“మళ్లీ ఫోన్ వస్తోంది చూడండి. జితేంద్రే. ఎత్తండి.”

“ఏం కాగితం రత్నా?”

“మన ఇంటి డాక్టర్ జనవరి పధ్నాలుగున పంపిన మీ రక్తపరీక్ష. కాల్షియం రెండు పాయింట్ తొమ్మిది నాలుగు. విటమిన్ డి వెంటనే ఆపమని కింద చేత్తో రాసింది ఆవిడ. అది పదహారున వచ్చింది, నేనే చదివి మీకు తెలుగులో చెప్పాను. ఎవరికీ చెప్పొద్దన్నారు, చెప్పలేదు, అది నా తప్పని కూడా రాశాను. పదిహేడో తేదీ నుంచి ఈ ఇంట్లో ఆ క్యాప్సూల్ ఎవరూ వేసుకోలేదు.”